అడవి భూమిలో మొక్కల మధ్య పంట వేస్తే చెట్లు బతుకుతాయా? మూడో ఏడు గురించి ముందే మాట్లాడుకోండి

పాడైపోయిన అడవి భూమిలో మొక్కలు నాటి, వాటి మధ్య రెండు మూడేళ్లు రైతుల్ని పంటలు వేసుకోనిస్తే అడవి నిజంగా తిరిగొస్తుందా, లేక అడవి పేరు చెప్పి సాగు చేసుకోవడమే అవుతుందా అని అడిగారు. ఏ పంటలు వేయాలి, మొక్కకీ మొక్కకీ ఎంత దూరం ఉండాలి అని కూడా అడిగారు. నేను ఈ పనిలో ఇరవై ఏళ్ల పైనే ఉన్నాను, రెండు రకాల ఫలితాలూ చూశాను. పక్కపక్క బ్లాకులే, నేల ఒకటే, నర్సరీ ఒకటే, నాటిన వారం కూడా ఒకటే, పదేళ్ల తర్వాత వెళ్తే ఒక దాంట్లో తలెత్తి చూడాల్సినంత చెట్లు, ఇంకో దాంట్లో అప్పటికీ మొక్కజొన్నే. దూరాల గురించి, పంటల గురించి చెప్తాను కానీ ముందు మూడో ఏడు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి నిలిచేదీ కూలిపోయేదీ అక్కడే.

అసలు పంట ఎందుకు కలపాలి అంటే, చాలామంది రైతుకి కాస్త ఆదాయం కోసం అనుకుంటారు, అది సగమే. అసలు కారణం కలుపు. నాటిన మొక్క నాటిన రోజు చావదు. మొదటి రెండేళ్లలో గడ్డి కింద పడి చస్తుంది. అడవి పోయిన చోట దర్భ గడ్డి లాంటివో లాంటానా పొదలో అల్లుకుపోతాయి, వాటి వేర్లు నేల పైపొరలోనే దట్టంగా ఉంటాయి, పడ్డ చినుకు చినుకంతా అవే తాగేస్తాయి. మోకాలెత్తు మొక్క వాటి మధ్య వెలుతురు లేక సన్నగా సాగి పాలిపోతుంది. ఎలాగో ఎండాకాలం దాకా నిలబడిందే అనుకోండి, అదే గడ్డి ఎండి అంటుకుంటుంది, ఒక్క మధ్యాహ్నంలో మొత్తం పోతుంది. దీనికి మందు ఒక్కటే, ఏడాదికి మూడు నాలుగు సార్లు కలుపు తీయాలి, అలా రెండు మూడేళ్లు తీయాలి. మొక్కలు నాటడానికి డబ్బులు ఎక్కడైనా దొరుకుతాయండి, నాటిన రోజు అందరూ వస్తారు, ఫోటోలు దిగుతారు. రెండో ఏడు కలుపు తీయించడానికి మాత్రం ఎవరి బడ్జెట్లోనూ రూపాయి ఉండదు. అదే మొక్కల మధ్య వేరుశనగో అలసందో ఉందనుకోండి, రైతు తన పంట కోసం తీసే కలుపు చెట్టుకీ తీసినట్టే, పంట పాదుకి ఎగదోసే మట్టి చెట్టు మొదట్లోనూ పడుతుంది, పశువులు రాకుండా కాపలా కూడా ఉంటుంది. కలుపు తీసే కూలీని పంట ఇస్తోందన్నమాట, మొత్తం కిటుకు ఇదే.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. దీన్ని టాంగ్యా అంటారు, బర్మా మాట, టాంగ్ అంటే కొండ, యా అంటే సాగు, మన పోడు లాంటి మాటే. 1850ల్లో అక్కడి టేకు అడవుల మీద బ్రిటిష్ వాళ్లు డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ శాస్త్రవేత్తని పెట్టారు, ఆయనే తర్వాత 1864లో భారతదేశపు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. కొండల్లో పోడు కొట్టుకునే కరెన్ జనంతో ఆ పోడులోనే వరితో పాటు టేకు నాటించడం అప్పుడు మొదలుపెట్టారు. వాళ్లు పంట తీసుకుని ఇంకో చోటికి వెళ్లిపోతారు, వెనక టేకు తోట మిగులుతుంది, సర్కారుకి దాదాపు ఖర్చు లేకుండా. అది చూసి జావాలో, ఇండియాలో, తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఇదే పట్టుకున్నారు. చెట్లు పెరిగాయి, అబద్ధం కాదు. కానీ మొదటి రోజు నుంచీ ఒక విషయం అందులో ఉండిపోయింది, నాటేది ఒకరు, చెట్టు ఇంకొకరిది.

ఇప్పుడు మూడో ఏడు. మొదటి ఏడు మొక్క చిన్నది, పంట బ్రహ్మాండంగా వస్తుంది. రెండో ఏడు కాస్త తగ్గుతుంది. మూడో ఏడుకి కొమ్మలు పైన కలుసుకోవడం మొదలవుతుంది, నీడ కమ్ముకుంటుంది, మొక్కజొన్న కంకులు సగానికి సగం గింజ పట్టవు. అంటే చెట్టు బాగా పెరిగే కొద్దీ రైతు పొలం చిన్నదైపోతోంది. చెట్లు బతికితే అతను ఖాళీ చేసి వెళ్లాలి, చస్తే ఇంకో రెండేళ్లు దున్నుకోవచ్చు. ఆ పరిస్థితిలో మీరున్నా నేనున్నా ఏం చేస్తామో ఒక్కసారి ఆలోచించండి.

నేను ఈ పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక బ్లాకులో మొక్కలు చస్తున్నాయని రిపోర్టు వస్తే చూడ్డానికి వెళ్లాను. చెదలు అనుకున్నాం, మందు కూడా పట్టుకెళ్లాం. వరుసలో ఒకటి బాగుంది, రెండోది వాడిపోయి ఉంది, మూడోది బాగుంది, ఆ తర్వాత వరుసగా నాలుగు వాడిపోయాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక దాని మొదట్లో మట్టి చేత్తో తీశాను. నేలమట్టం నుంచి రెండు వేళ్ల లోతులో తల్లి వేరు నున్నగా తెగి ఉంది. చెదలు కొరికితే గరుకుగా పొడి పొడిగా ఉంటుంది, ఇది కొడవలి మొనతో ఒక్క గీతలో కోసినట్టు ఉంది. తెగిన చోట ఇంకా తడిగానే ఉంది. కోసి మళ్లీ మట్టి కప్పి వేలితో నొక్కారు, నొక్కిన గుర్తు కూడా అలాగే ఉంది. పక్క మడిలో ఒక పెద్దాయన చిక్కుడు పాదులకి కర్రలు పాతుతూ నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం ఒప్పందం కాగితం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను, మూడేళ్ల తర్వాత రైతుకి ఏమొస్తుంది అన్న చోట ఒక్క లైన్ కూడా లేదు. తప్పు ఆయనది కాదు, ఆ కాగితానిది అని నాకు అప్పుడే అర్థమైంది, ఇప్పటికీ అదే అంటాను.

ఇది నేనొక్కడినే చూసింది కాదు. ఘనాలో పాత టాంగ్యాలో ఇలాగే మొక్కల్ని కావాలని చంపడం, చెట్లని పట్టించుకోకుండా పంటనే చూసుకోవడం జరిగింది, 1980ల్లో ఆ పద్ధతి ఆపేశారు. 2000ల మొదట్లో మళ్లీ మొదలుపెట్టారు, కానీ ఈసారి చెట్టులో వాటా రాశారు. కలప అమ్మితే వచ్చేదాంట్లో రైతులకి 40 శాతం, అటవీ శాఖకి 40 శాతం, భూమి హక్కుదారులకి 15 శాతం, ఊరికి 5 శాతం. మొక్కలు అవే, భూమి అదే, మనిషీ అతనే, కాకపోతే ఇప్పుడు అతను కోస్తే కోసుకునేది తన చెట్టే. అది కూడా పూర్తిగా సాఫీగా నడిచిందని అనను, కలప చేతికి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, మూడో ఏడుకీ ఇరవయ్యో ఏడుకీ మధ్య ఇల్లు ఎలా గడవాలి అన్నది పెద్ద ప్రశ్నే. కెన్యాలో షాంబా పద్ధతి అని వందేళ్ల నుంచి ఉంది, ఒక దశలో అడవిలోనే జనం ఉండిపోతున్నారని, మొక్కలు నాటకుండానే సాగు చేస్తున్నారని 1980ల చివర్లో నిషేధించారు. తర్వాత 2005 అటవీ చట్టం వచ్చాక పెలిస్ అని పేరు మార్చి కొత్త షరతులతో తెచ్చారు, అడవిలో కాపురం ఉండకూడదు, స్థానిక అటవీ సంఘం ద్వారానే మడి తీసుకోవాలి, చెట్లు పెరిగాక ఖాళీ చేయాలి. అక్కడ ఇప్పటికీ దీని మీద గట్టిగా వాదనలు జరుగుతూనే ఉంటాయి, అడవిని తినేస్తోందని కొందరు, మా తిండి ఇదేనని కొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ఏ ఒప్పందం కింద నడుస్తుందో దాన్ని బట్టి ఒకరి మాట నిజమవుతుంది.

కాబట్టి మీరు గుంత తవ్వే ముందే కాగితం మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి. చెట్టులో రైతు వాటా ఎంత, అది అతని పిల్లలకి వస్తుందా లేదా. ఐదో ఏడు, ఎనిమిదో ఏడు ఒత్తుగా ఉన్న చెట్లలో కొన్ని కొట్టేసి పలచన చేసేటప్పుడు వచ్చే వాసాలు, కట్టెలు ఎవరివి, ఇది చాలామంది మర్చిపోతారు కానీ రైతు చేతికి మొదట వచ్చేది ఇదే, ఇది మొత్తం రైతుకే ఇచ్చేయండి అంటాను నేను. పళ్లు, తేనె, ఆకు, గడ్డి కోసుకునే హక్కు ఎవరిది. ఈ మడి నీడ పడిపోయాక ఇంకో మడి ఎప్పుడు, ఎక్కడ ఇస్తారు. మడి ఎవరి పేరు మీద, భార్య పేరు కూడా ఉందా, ఎందుకంటే కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే, భర్త చనిపోయినా వదిలేసి వెళ్లినా ఆమెకి ఆ మడి మీద హక్కు లేకపోతే రెండో రోజు నుంచి చెట్లని చూసేవాళ్లు ఉండరు. వీటికి జవాబులు లేకుండా నాటించమంటే నేనైతే ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

ఇక నేల మీద పని. మొక్కలు కొనడానికి తొందరపడకండి, ముందు ఉన్నదేంటో చూడండి. పాడైన అడవి అంటే ఖాళీ నేల అనుకుంటాం కానీ వంగి చూస్తే నరికేసిన మోడులు ఇంకా బతికే ఉంటాయి, ఏటా చిగురు వేస్తాయి, పశువులు మేస్తాయి, లేదా దున్నేటప్పుడు పోతాయి, మళ్లీ వేస్తాయి. కింద వేరు మాత్రం పాతికేళ్లది. నాటిన మొక్కకి అలాంటి వేరు రావాలంటే ఎన్నేళ్లు పట్టాలి చెప్పండి. నైజర్ దేశంలో 1983 ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్ ఏళ్ల తరబడి మొక్కలు నాటించి విసిగిపోయి, చివరికి దారి పక్కన పొద అనుకున్నది నిజానికి నరికిన చెట్టు మోడు నుంచి వచ్చిన చిగురు అని గమనించాడు. రైతులు తమ జొన్న, సజ్జ చేలల్లోనే ఆ చిగుళ్లని కాపాడుకోవడం మొదలుపెట్టారు, రెండు మూడు దశాబ్దాల్లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి, ఎక్కువ భాగం ఒక్క మొక్క కూడా నాటకుండా. అక్కడ కూడా గమనించండి, అంతకు ముందు చెట్టు సర్కారుది, కొమ్మ కొడితే జరిమానా. ఆ పట్టు సడలి, నువ్వు కాపాడిన చెట్టు నీదే అన్న నమ్మకం కుదిరాకే అది పాకింది.

చేసే పద్ధతి తేలికే. ఒక మోడు నుంచి పది పన్నెండు పిలకలు వస్తాయి, వాటిలో నిటారుగా, బలంగా, మొదట్లో గట్టిగా అతుక్కుని ఉన్నవి రెండు మూడు ఉంచి మిగతావి పదునైన కత్తితో మొదలంటా కోసేయాలి. ఉంచిన వాటికి కూడా కింద సగం వరకు పక్క కొమ్మలు తీసేయాలి, సగం మించి తీయొద్దు. చీల్చకుండా కింద నుంచి పైకి కోయండి, బెరడు ఊడితే ఆ దారిన పుచ్చు పడుతుంది. ఆరు నెలలకొకసారి కొత్త పిలకలు గిల్లేస్తూ ఉంటే చాలు. నేనైతే కొత్త చోటికి వెళ్లగానే 10 మీటర్లు బై 10 మీటర్లు తాడుతో కట్టి అలాంటి చదరాలు ఇరవై దాకా అక్కడక్కడా వేసి లోపల ఉన్న మోడులు, వాటంతటవే మొలిచిన మొక్కలు లెక్కపెడతాను. సగటున చదరానికి నాలుగైదు దొరికాయా, అక్కడ నాటడం కంటే కాపాడటమే పని, పంట వాటి మధ్య ఖాళీల్లో వేసుకోవచ్చు. ఒకటీ అరా మాత్రమే ఉంటే అప్పుడు నర్సరీ.

దూరం విషయానికొస్తే, 3 మీటర్లు బై 3 మీటర్లు నాటితే హెక్టారుకి 1,111 మొక్కలు పడతాయి, త్వరగా నీడ కమ్ముతుంది, గడ్డి త్వరగా చస్తుంది, పంట రెండేళ్లే. 4 బై 4 అయితే 625, పంట ఇంకో ఏడాది రెండేళ్లు వస్తుంది కానీ గడ్డితో యుద్ధం కూడా అన్నాళ్లూ ఉంటుంది. నాకు నచ్చింది వరుసల మధ్య 5 మీటర్లు, వరుసలో మొక్కకీ మొక్కకీ 2 మీటర్లు, అంటే హెక్టారుకి 1,000. చెట్ల సంఖ్య తగ్గదు, మధ్యలో దున్నుకోవడానికి, తిరగడానికి వెడల్పు దొరుకుతుంది, వరుసలోనే చెట్లు త్వరగా ఒకదానికొకటి తగులుకుని నిటారుగా పెరుగుతాయి. సాళ్లు తూర్పు పడమరగా ఉంటే మధ్యలో పంటకి ఎండ ఎక్కువసేపు తగులుతుంది, కానీ వాలు ఉన్న చోట ఆ ఆలోచన పక్కన పెట్టి వాలుకి అడ్డంగానే వేయాలి. దీంట్లో రాజీ లేదు, వాలులో పై నుంచి కిందికి సాలు తోలితే మొదటి పెద్ద వానకే పైమట్టి పోతుంది, అడవిని బాగు చేద్దామని వచ్చి ఉన్న కాస్త నేలనీ పోగొట్టినవాళ్లమవుతాం. మరీ నిటారుగా ఉన్న చోట అసలు దున్నొద్దు, మోడులు కాపాడుకోండి చాలు.

ప్రతి మొక్క చుట్టూ కనీసం అర మీటరు, కుదిరితే మీటరు పంట లేకుండా వదలాలి, అక్కడ గడ్డి చేత్తోనే తీయాలి. గునపం, నాగలి దగ్గరికి వస్తే పక్క వేర్లు తెగుతాయి, మొక్క చావదు కానీ ఒక ఏడాది ఎదుగుదల పోతుంది. కలుపు మందు కొట్టేవాళ్లు ఉంటే ఆ మందు గాలికి చిన్న మొక్క ఆకు మీద పడినా చాలు, మందు కొట్టడం ఒప్పందంలోనే వద్దని రాయండి.

పంటల్లో మొదటి ఏడుకి పొట్టి పప్పు జాతులు మంచివి, అలసంద, పెసర, వేరుశనగ, ఇవి నేలకి నత్రజని ఇస్తాయి, చెట్టు మొక్క మీద నీడ వేయవు. మొక్కజొన్న వేసుకోవచ్చు కానీ చెట్టు మొక్కకి మీటరు దూరంలో. కంది నాకు చాలా ఇష్టమైన పంట ఈ పనికి, రెండేళ్లు నిలబడుతుంది, లోతుగా వేరు వేసి గట్టి నేలని వదులు చేస్తుంది, ఎండకి తట్టుకోలేని అడవి జాతి మొక్కలకి పల్చని నీడ పడుతుంది, ఆకు రాలి నేల మీద పొరలా పడుతుంది. తీగ పంటలు, ఎగబాకే చిక్కుడు లాంటివి మొక్కల పక్కన వద్దు, పదిహేను రోజులు చూడకపోతే మొక్క మెడకి చుట్టుకుని వంచేస్తాయి. కర్రపెండలం చాలామంది అడుగుతారు, ఎందుకంటే పెద్దగా పని లేకుండా పండుతుంది, అయితే అది మనిషెత్తు పెరిగి చెట్టు మొక్కని కప్పేస్తుంది, దుంప తవ్వేటప్పుడు పక్క వేర్లన్నీ లేచిపోతాయి. చాలా చోట్ల దీన్ని టాంగ్యాలో ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. అరటి కూడా నీడ వేస్తుంది కానీ దూరంగా వేసి, ఆకులు కోస్తూ ఉంటే పర్వాలేదు, తవ్వే పని ఉండదు కదా.

మూడో ఏడు నీడ వచ్చాక ఏంటి అంటే, పంట ఆపేయడం ఒక్కటే దారి కాదు, పంట మార్చొచ్చు. పసుపు, అల్లం కొంత నీడలో బాగానే వస్తాయి. వాతావరణం సరిపడే చోట కాఫీ, కోకో, చెట్టుకి పాకించే మిరియం ఉన్నాయి, ఇవి నీడ కోరుకునే పంటలు, ఇవి వేశాక చెట్టు రైతుకి శత్రువు కాదు, కావాల్సినది. రైతు మనసు మారాలి అని మీటింగుల్లో అంటుంటారు చూడండి, మనసు మార్చక్కర్లేదు, నీడ అవసరమయ్యే పంట ఒక్కటి పెట్టించండి, చెట్టు మీద చెయ్యి ఎవరూ వెయ్యరు. ఆఫ్రికాలో ఫైదర్బియా అనే చెట్టు ఉంది, తుమ్మకి చుట్టం, అది వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో ఆకు వేస్తుంది, పంట ఉన్నప్పుడు నీడ ఉండదు, రాలిన ఆకు ఎరువు. అందుకే అక్కడ రైతులు దాన్ని చేను మధ్యలోనే ఉంచుకుంటారు, ఎవరూ చెప్పక్కర్లేకుండా.

మీరు అడగని ఒక విషయం, ఇలా పెరిగింది అడవేనా అని. ఒకే జాతి టేకో యూకలిప్టస్సో వరుసల్లో నాటితే అది తోట, అడవి కాదు, దాన్ని అడవి అని లెక్కల్లో రాసినా పిట్టలకి ఆ లెక్క తెలియదు. యూకలిప్టస్ వేర్లు పక్క పంట నీళ్లు కూడా లాగేస్తాయి, పంటతో కలపడానికి నేను ఎప్పుడూ తీసుకోను. త్వరగా పెరిగి నీడ ఇచ్చేవి కొన్ని, నత్రజని ఇచ్చేవి కొన్ని, పిట్టలూ గబ్బిలాలూ తినే పళ్ల జాతులు కొన్ని, ఆ చోటికే చెందిన నెమ్మదిగా పెరిగే జాతులు కొన్ని, ఇలా కలిపి నాటండి. పళ్ల జాతులు చాలా ముఖ్యం, పిట్ట వచ్చి కొమ్మ మీద వాలితే తను ఎక్కడో తిన్న గింజ ఇక్కడ వేసి పోతుంది, ఐదారేళ్లకి మీరు నాటని మొక్కలు చెట్ల కింద మొలవడం చూస్తారు. దగ్గర్లో ఎక్కడైనా కాస్త పాత అడవి మిగిలి ఉంటే దాని అంచు నుంచి మొదలుపెట్టండి, విత్తనం అక్కడి నుంచి నడిచొస్తుంది.

ఒక్క చోట మాత్రం ఇది చేయొద్దు. కొన్ని గడ్డి మైదానాలు పాడైన అడవులు కావు, అవి ఎప్పటి నుంచో గడ్డి మైదానాలే, వాటి జంతువులు, మొక్కలు వాటికే ఉంటాయి. అక్కడ చెట్లు నాటినా పంట దున్నినా నష్టమే. ఊరి పెద్దవాళ్లని అడగండి, వాళ్ల తాతల కాలంలో అక్కడ ఏముండేదో చెప్తారు, మోడుల లెక్క కూడా చెప్తుంది.

నిప్పు గురించి ఒక మాట, పంట కోశాక మిగిలిన చొప్ప అక్కడే కాల్చే అలవాటు ఉంటుంది, ఆ ఒక్క నిప్పుతో మూడేళ్ల కష్టం పోయిన బ్లాకులు చూశాను. చొప్ప కాల్చకుండా మొక్కల మొదట్లో పరిచితే తడి నిలుస్తుంది, కాకపోతే కాండానికి ఆనకుండా జానెడు వదిలి పరచండి, లేకపోతే చెదలు పడతాయి. బయట అంచు చుట్టూ ఎండాకాలానికి ముందే గడ్డి చెక్కి నాలుగైదు మీటర్ల బాట ఉంచుకోండి.

బతికిన మొక్కల లెక్క నాటిన మూడు నెలలకి తీయకండి, అప్పుడు అన్నీ బతికే ఉంటాయి. రెండో ఎండాకాలం దాటాక, మొదటి వానలు పడి చిగురు వేసిన తర్వాత తీయండి, ప్రతి మడి విడివిడిగా. బ్లాకు మొత్తం సగటు తీస్తే ఏమీ తెలియదు, ఒక మడిలో పది పోయి పక్క మడిలో ఒక్కటీ పోకపోతే ఆ పది మొదళ్లలో మట్టి చేత్తో తీసి వేరు చూడండి. కోసిన గుర్తు కనబడితే రైతుని పిలిచి తిట్టకండి, ఆ మడి కాగితం తీసుకెళ్లి అతనితోనే కూర్చుని నాలుగో ఏడు నుంచి అతనికి ఏముందో ఒక్కో లైనూ చదవండి, ఏమీ లేకపోతే ఆ రోజే రాయించండి, పోయిన మొక్కలు ఆ వానకే మళ్లీ నాటుకోవచ్చు.